లోపలికి వేసిన కుట్లు

మా పిడుగుకి టేపు కనిపిస్తే చాలు, కితకితలు మొదలైపోతాయి. కొలతలు తీద్దామని బల్ల మీద నిలబెడితే మెలికలు తిరిగిపోతుంది. పిడుగు నా తమ్ముడి కూతురు. అప్పుడు దానికి ఐదేళ్ళు నిండబోతున్నాయి. బడిలో వేరే పేరుంది గానీ ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే పలకదు. బొద్దుగా, బుగ్గలేసుకుని ఉంటుంది. దాని నడుము ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం ఇన్నేళ్ళుగా కుట్టుపనిలో ఉన్న నాకే పెద్ద పని.

"కదలకే తల్లీ. నీ నడుము వెతుక్కోనీ."

"పొట్ట వెనకాల ఉంది అత్తా," అంది సీరియస్‌గా.

దాని పుట్టినరోజు గౌను కోసం నారింజ రంగు సాటిన్ తెచ్చాను. రంగు అదే ఎంచుకుంది. కింద మూడు వరసల ఫ్రిల్లు, నడుముకి వెనక పెద్ద బో, పక్కన ఒక జేబు. గౌనుకి జేబెందుకే అంటే, "చాక్లెట్లు ఎక్కడ పెట్టుకోవాలి మరి?" అంది. నాకు పిల్లల్లేరు. నా సరదాలన్నీ దాని మీదే తీర్చుకుంటాను.

అప్పటికి నేను కుట్టుపనికని అద్దె గదిలోకి మారి నెల కూడా కాలేదు. అంతకుముందు ఇంట్లోనే ముందు గదిలో కుట్టేదాన్ని. గిరాకీ పెరిగేసరికి ఇంట్లో ఎక్కడ చూసినా గుడ్డపీలికలే. తమ్ముడు ఒకరోజు అన్నంలో దారం ముక్క తీసి పక్కన పెడుతూ, "అక్కా, ఎక్కడైనా గది చూద్దామే," అన్నాడు. పక్క వీధిలో పాత మేడ మీద ఒక గది దొరికింది. కింద వాటాలో ఇంటివాళ్ళ మామ్మగారు ఒక్కరే ఉంటారు. పైకి ఇరుకు మెట్లు, మెట్ల చివర నా గది. వీధి వైపు కిటికీ. మధ్యలో పెద్ద చెక్క బల్ల.

ఆ బల్ల చూసే గది ఖాయం చేసుకున్నాను. బట్ట మొత్తం పరిచి కత్తిరించుకోవచ్చు. అంచులన్నీ చేతులు ఆని ఆని నున్నగా అయిపోయాయి. గుమ్మంలోంచి ఎలా తెచ్చారో అర్థం కాలేదు. మామ్మగారిని అడిగితే, "తేలేదమ్మాయ్. వడ్రంగిని గదిలోనే కూచోబెట్టి చేయించారు," అన్నారు. ఎవరు చేయించారో నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

గౌను పైభాగం కత్తిరించి, పైపైన టాకాలు వేసి, ఒకసారి పిడుగుకి తొడిగి చూశాను. నడుం దగ్గర వేలు దూరేంత వదులుంది. పిల్లల బట్టలకి ఆ మాత్రం ఉండాలి. సంతృప్తిగా పక్కలు మిషన్ మీద కుట్టేసి, బల్ల మీద పెట్టి, తలుపుకి తాళం వేసి భోజనానికి ఇంటికెళ్ళాను.

తిరిగొచ్చి చూస్తే పక్క కుట్లు మారి ఉన్నాయి.

మొదట నాకు తెలియలేదు. గౌను చేతిలోకి తీసుకుంటే సన్నగా అనిపించింది. తిరగేసి చూశాను. నా మిషన్ కుట్టు అలాగే ఉంది. దానికి లోపలగా ఇంకో కుట్టు ఉంది. చేతికుట్టు. ఆవగింజలు వరసగా పేర్చినట్టు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా వంకర లేకుండా. రెండు పక్కలా గౌనుని లోపలికి బిగించేశారు. నేను అంత సన్నగా చేత్తో కుట్టలేను. నాకు తెలిసినవాళ్ళెవరూ కుట్టలేరు.

తాళంచెవి నా కొంగుకే ఉంది. రెండోది మామ్మగారి దగ్గర ఉండాలి. కిందికెళ్ళి అడిగాను.

"మామ్మగారూ, పైకి గానీ వచ్చారా?"

"నా మోకాళ్ళకి ఆ మెట్లా? ఎక్కి ఎన్నేళ్ళయిందో," అన్నారు నవ్వుతూ. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశారు. "ఏమ్మా?"

"ఏం లేదండీ," అన్నాను. పరధ్యానంలో నేనే ఏదో చేసుంటాననుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది. కూచుని ఆ కుట్లన్నీ విప్పాను. ఎంత బిగువుగా వేశారో, ఒక్కొక్కటీ సూదిమొనతో ఎత్తి తెంపాల్సి వచ్చింది. విప్పుతున్నంతసేపూ గదిలో ఒక వాసన. తడిబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె పెడితే వస్తుందే, ఆవిరి వాసన, అది. నా ఇస్త్రీపెట్టె గూట్లో చల్లగా ఉంది.

ఆ వారం పిడుగు అన్నం సరిగ్గా తినడం మానేసింది. ఒళ్ళు కొంచెం వెచ్చబడింది. మా మరదలు ఆసుపత్రిలో నర్సు. ఊరికే కంగారుపడే మనిషి కాదు. "సీజన్ జ్వరం వదినా. బడిలో సగం మంది పిల్లలకి ఉంది," అంది. నేనూ సరేననుకున్నాను.

జ్వరం తగ్గిందన్న రోజు మధ్యాహ్నం పిడుగుని గదికి తీసుకొచ్చాను. గౌను తొడిగి బల్ల మీద నిలబెట్టాను. ఈసారి మెలికలు తిరగలేదు. నీరసంగా, చెప్పినట్టు నిలబడింది. వేలు పెట్టి చూశాను. నడుం దగ్గర సరిగ్గా వేలు దూరేంత వదులు.

బాగుందనుకున్నాను. కింది అంచు సరిచేద్దామని మోకాళ్ళ మీద కూచుని, ఫ్రిల్లుకి గుండుసూదులు గుచ్చుతున్నాను. వీధిలో ఎవరో పాత సామాన్లు కొంటామని అరుస్తూ పోతున్నారు. గదిలో ఆ ఆవిరి వాసన మళ్ళీ లేచింది.

"అత్తా, గిల్లకు," అంది పిడుగు.

"నేనెక్కడ గిల్లానే?"

"నడుం దగ్గర."

నా రెండు చేతులూ దాని పాదాల దగ్గరున్నాయి. ఒక చేత్తో ఫ్రిల్లు పట్టుకున్నాను, ఇంకో చేత్తో సూది.

"చల్లగా ఉంది అత్తా నీ చెయ్యి..."

నేను కదల్లేదు. తల ఎత్తి చూడాలంటే భయమేసింది. చూస్తే ఎవరూ లేరు. కానీ నారింజ రంగు సాటిన్ నడుం దగ్గర లోపలికి నొక్కుకుని ఉంది. ఎవరో రెండు వేళ్ళతో ఎక్కువైన బట్టని పట్టి, ఇంకా ఎంత లోపలికి వెయ్యచ్చో చూస్తున్నట్టు. నేను చూస్తుండగానే ఆ నొక్కు వదులైంది. బట్ట మెల్లగా సర్దుకుంది.

పిడుగుని బల్ల మీంచి దింపి, గబగబా గౌను విప్పి తిరగేశాను. నేను విప్పేసిన చోటే కుట్లు మళ్ళీ ఉన్నాయి. మొదటిసారి కన్నా ఇంకా లోపలికి. అయినా దానికి గౌను వదులుగా ఉంది. అప్పుడు చూశాను పిల్లని. చేతులు సన్నబడ్డాయి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. రోజూ చూస్తున్న పిల్ల. ఇంట్లో ఎవరమూ గమనించలేదు.

ఆ సాయంత్రమే కుట్లన్నీ విప్పేసి, గౌనుని ఇంటికి తెచ్చి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. రాత్రి పిడుగు తనంతట తనే కంచం తెచ్చుకుంది. పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకుంది. మరదలు నా వైపు చూసి కళ్ళతోనే, చెప్పానా, అంది. నేను నవ్వాను. గుండెల మీంచి రాయి దింపినట్టైంది.

తెల్లారి పిడుగు లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. బీరువా తీశాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. గౌను మడత కూడా నలగలేదు. పక్కల మాత్రం చేతికుట్టు మళ్ళీ ఉంది.

ఇంట్లో ఎవరికి చెప్పను? మరదలు పిల్లని తను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళి చేర్చింది. సెలైన్ పెట్టారు. రక్తం తీశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నేను గౌను సంచిలో పెట్టుకుని మేడ గదికి వెళ్ళాను. ఏం జరుగుతోందో కళ్ళారా చూడాలి. పట్టపగలు, కిటికీ బార్లా తెరిచి, గౌనుని లోపలిది పైకి తిప్పి బల్ల మీద పరిచాను. కుట్లన్నీ విప్పేశాను. ఎదురుగా కుర్చీ వేసుకుని కూచున్నాను.

చాలాసేపు ఏమీ లేదు. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి జరిగింది. కింద మామ్మగారి రేడియో సన్నగా వినిపిస్తోంది.

వాసన వచ్చింది.

ఆ తర్వాత ఒక చిన్న చప్పుడు. టిక్. ఆ చప్పుడు కుట్టుపనివాళ్ళకి పరిచయమే. కత్తెర కోసం వెతుక్కునే ఓపిక లేక దారాన్ని పళ్ళతో కొరికి తెంపుతామే, అదే. నా చెవి దగ్గరే వినిపించింది.

గౌను వైపు చూశాను. పక్కన ఒక కుట్టు పడి ఉంది. ఒక్కటే, ఆవగింజంత. నేను చూస్తున్నంతసేపూ ఏమీ కదల్లేదు. రెప్ప వేశాను.

రెండు కుట్లు.

మళ్ళీ రెప్ప పడింది. మూడు.

నేను కళ్ళు విప్పార్చి కూచున్నాను. రెప్ప వెయ్యకూడదు. ఎంతసేపు ఆపగలను? కళ్ళు మండుతున్నాయి. నీళ్ళు కారుతున్నాయి. చూపు మసకబారింది. వేలితో రెప్పలు పైకి లాగి పట్టుకున్నాను. చివరికి ఓర్చుకోలేక ఒక్క క్షణం గట్టిగా మూసి తెరిచాను. అంతే... సగం పక్క కుట్టేసి ఉంది.

కుర్చీ పడదోసి మెట్లు దిగాను. ఎలా దిగానో నాకే తెలీదు. మామ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను వస్తానని తెలిసినట్టు.

"కూచో అమ్మాయ్," అన్నారు. రేడియో కట్టేశారు.

"పైన ఎవరుండేవారండీ?"

"నీలాగే ఒకావిడ. కుట్టేది. మా ఆయన ఉన్న రోజుల్లో సంగతి. మొగుడు లేడు. ఒక్కతే కూతురు, మీ పిల్ల ఈడే. పుట్టినరోజుకని గౌను మొదలుపెట్టింది. పిల్లకి ఏదో జబ్బు చేసింది. రోజురోజుకీ చిక్కిపోయేది."

"తర్వాత?"

"గౌను మానమని నేనే చెప్పాను. వినలేదు. పిల్ల కాస్త చిక్కితే కుట్లు కాస్త లోపలికి వేసేది. మర్నాడు ఇంకాస్త. నా పిల్లకి వదులైన గౌను తొడుగుతానా అనేది. పుట్టినరోజు దాకా పిల్ల ఉండలేదు." మామ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "గౌను కనబడలేదు. పిల్ల పోయిన వారానికి ఆవిడా కనబడలేదు. తలుపు లోపల గడియ వేసే ఉంది. పగలగొట్టి చూస్తే గది ఖాళీ. మెట్లు దిగడం ఎవరూ చూడలేదు. నేను ఇక్కడే కూచునేదాన్ని, ఈ గుమ్మంలోనే."

"నాకు ముందే చెప్పాల్సింది మామ్మగారూ."

"ఇన్నేళ్ళూ ఏమీ లేదమ్మా. మధ్యలో ఎవరెవరో ఉండి వెళ్ళారు. చదువుకునే కుర్రాళ్ళు, ఒక గుమాస్తా. ఏ ఇబ్బందీ లేదు. ఆ బల్ల మీద ఎవరూ చిన్నపిల్ల గౌను కుట్టలేదు, అంతే."

నాకు కోపం వచ్చింది. భయం ఎక్కువైతే నాకు కోపమే వస్తుంది. పైకెళ్ళి గౌను తీశాను. అసలు గౌనే లేకపోతే కుట్టూ ఉండదు. పెద్ద కత్తెర తీసుకుని మెడ దగ్గర పెట్టి ఒక్క కత్తిరింపు వేశాను. సాటిన్ చిరిగిన చప్పుడు గదంతా వినిపించింది.

ఫోను మోగింది. మరదలు.

"వదినా, ఎక్కడున్నావ్? పిల్ల ఉన్నట్టుండి గొంతు పట్టుకుని ఏడుస్తోంది. ఊపిరాడటం లేదంటోంది. డాక్టర్ని పిలిచారు. నువ్వు రా..." ఆ గొంతు వణకడం నేనెప్పుడూ వినలేదు.

కత్తెర కింద పడేశాను. చిరిగిన మెడని వేళ్ళతో కలిపి పట్టుకుని, సూదిలో దారం ఎక్కించి, అక్కడే నిలబడి కుట్టాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఉంది. అవతల పిడుగు ఏడుపు. నేను కుడుతున్న కొద్దీ ఆ ఏడుపు తగ్గుతూ వచ్చింది. చివరి ముడి వేసేసరికి ఆగిపోయింది.

"కాస్త నయం వదినా. నిద్రపోతోంది," అంది మరదలు. "నువ్వు ఏడుస్తున్నావా?"

"వస్తాను," అన్నాను. "ఒక్క పని ఉంది. అది చేసి వస్తాను."

బయట మబ్బు పట్టింది. సాయంత్రం కాకుండానే చీకటైపోయింది. వాన మొదలైంది, వెంటనే కరెంటు పోయింది. వెళ్ళిపోవచ్చు. కానీ ఎక్కడికెళితే ఆగుతుంది ఇది? బీరువాలోనే ఆగలేదు. కొవ్వొత్తి వెలిగించి బల్ల చివర నిలబెట్టాను. మిగిలిన సాటిన్ తీసి పరిచాను. ఫ్రిల్లుకి చాలదేమోనని ఎక్కువే తెచ్చాను. చిన్న గౌనుకి సరిపోతుంది.

కొవ్వొత్తి అవతలి చీకటి వైపు చూస్తూ అన్నాను.

"అమ్మా. మీరు కుడుతున్నది నా పిల్లది. మీ పిల్లది కాదు. మీ పాపకి నేను వేరే కుడతాను. అదే రంగు. అదే గౌను. నా పిల్లని వదిలెయ్యండి."

కిటికీ రెక్క మూసి సుద్ద తీసుకున్నాను.

నడుము కొలత నాకు తెలుసు. ఆవిడ లోపలికి వేసిన కుట్లని బట్టి తీసుకున్నాను. బట్ట మీద సుద్దతో గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. అంత సన్నం. ఆ కొలత ఉన్న పిల్ల నిలబడగలదా అనిపించింది. కానీ పొడుగు తెలీదు. భుజం తెలీదు.

"పొడుగు ఎంత పెట్టమంటారు?" అన్నాను. రోజూ వచ్చేవాళ్ళని అడిగినట్టే అడిగాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

బల్ల మీద చుట్టి ఉన్న టేపు కదిలింది. మెల్లగా విడిపోతూ, బల్ల అంచు మీంచి కిందికి జారింది. నేల దాకా జారి పడిపోలేదు. గాలిలో ఆగింది. దాని ఒక కొస, బల్ల కన్నా కాస్త ఎత్తులో, ఎవరో భుజం మీద ఆనించి పట్టుకున్నట్టు నిలబడింది. ఇంకో కొస కిందికి వేలాడుతోంది. కొవ్వొత్తి వెలుగులో టేపు కొద్దిగా ఊగుతోంది. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు... పైకీ కిందికీ.

టేపు వెనక నుంచి చిన్న దగ్గు. పొడి దగ్గు. పిల్లది.

వంగాను. చెయ్యి చాచి, దేనికీ తగలకుండా, మోకాలు ఉండాల్సిన చోట టేపు పట్టుకుని కొలత చదివాను. వేళ్ళకి చల్లదనం తగిలింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోగానే టేపు కుప్పగా నేల మీద పడింది.

కత్తిరించాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. మిషన్ మోటారుకి కరెంటు లేదు. చక్రం చేత్తో తిప్పుతూ కుట్టాను. భుజాలు, చంకలు, పక్కలు, నడుము. పక్కలు కుట్టబోతుంటే కొవ్వొత్తి వెలుగు ఒకసారి చిన్నబోయింది. నా మెడ వెనక ఆవిరి వాసన. ఆ తర్వాత మాట... మాటంటే మాట కాదు, ఊపిరి.

"లోపల... బట్ట వదిలి కుట్టు."

నేను కుట్టడం ఆపాను.

"ఎదిగే పిల్ల."

పిల్లల బట్టలు ఇచ్చే ప్రతి తల్లీ అనే మాటే అది. నేను తల ఊపాను. వెనక్కి తిరగలేదు. పక్కల్లో, కింది అంచులో, ఎంత వీలైతే అంత బట్ట లోపలికి మడిచి వదిలాను. భయంలో మామూలు కన్నా చాలా ఎక్కువే వదిలాను. కింది అంచు చేత్తో కుడదామని సూది కోసం చూస్తే సూది లేదు. అంచు కుట్టేసే ఉంది. ఆవగింజల్లాంటి కుట్లు చుట్టూతా.

టిక్.

దారం తెగింది. కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో బల్ల మీది నుంచి సాటిన్ జారుతున్న మెత్తటి చప్పుడు. తర్వాత మెట్ల మీద అడుగులు. రెండు జతలు. ఒకటి పెద్దవాళ్ళది, ఒకటి పిల్లది. నెమ్మదిగా, చెయ్యి పట్టుకుని దింపుతున్నట్టు.

కరెంటు వచ్చాక చూస్తే చిన్న గౌను లేదు. పిడుగు గౌను బల్ల మీద ఉంది. దాని పక్కల చేతికుట్లు నేను విప్పలేదు. అయినా విప్పి ఉన్నాయి. తెగిన దారం ముక్కలు ఒక మూలగా పోగు చేసి ఉన్నాయి. పని తెలిసినవాళ్ళు అలాగే చేస్తారు.

కిందికొస్తే మామ్మగారు గుమ్మంలోనే ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది. "ఈసారి దిగడం విన్నాను," అన్నారు.

పిడుగు కోలుకుంది. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు, మందులు రాశారు. రోజులు గడిచేకొద్దీ బుగ్గలు మళ్ళీ వచ్చాయి. పుట్టినరోజు నాడు ఆ గౌను తొడగాలా వద్దా అని నేను చాలా ఆలోచించాను. తొడగకుండా ఉంచడానికి భయమేసింది. తొడిగాను. సరిగ్గా సరిపోయింది. జేబు నిండా చాక్లెట్లు పోసుకుని ఇల్లంతా తిరిగింది. తమ్ముడు ఎత్తుకుని, "అబ్బ, బస్తాలా ఉన్నావే," అంటే అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ గది ఖాళీ చేసేశాను. ఊరి ఇంకో చివర, పెద్ద వీధిలో, కొత్తగా కట్టిన భవనంలో చిన్న షాపు తీసుకున్నాను. గాజు తలుపు, ట్యూబులైట్లు, పక్కన సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. పొద్దస్తమానం జనమే. చిన్నపిల్లల బట్టలు ఒప్పుకోవడం మానేశాను. ఎందుకని అడిగితే, కళ్ళు కనబడటం లేదని చెప్పేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి మిషన్ మీద నారింజ రంగు గౌను ఉంది. చిన్నది. కొత్తగా లేదు. ఉతికి ఉతికి వేసుకున్న గౌనులా రంగు వెలిసింది. చంకల దగ్గర చెమట మరకలు. కింది అంచుకి ఎర్రమట్టి. ఆడుకున్న పిల్ల గౌను. అంచు విప్పి, లోపల నేను వదిలిన బట్టంతా కిందికి దించి, గుండుసూదులు వరసగా గుచ్చి పెట్టారు. పక్కలు కూడా వదులు చెయ్యమని సుద్దతో గీతలు గీసి ఉన్నాయి.

పిల్ల పొడుగైంది. ఒళ్ళు కూడా చేసింది.

పక్క కొట్టు అబ్బాయిని అడిగాను, ఎవరైనా వచ్చారా అని. "ఎవరూ రాలేదాంటీ," అన్నాడు. నేను ఏం చెయ్యగలను? కూచుని ఆ గుర్తుల ప్రకారం కుట్టి పెట్టాను. ఒక్క క్షణం కళ్ళు తుడుచుకుని చూస్తే గౌను లేదు. ఆశ్చర్యంగా నాకు భయం కన్నా ఒక రకమైన తేలిక కలిగింది. ఎక్కడో ఒక చోట ఆ పిల్ల బాగుంది. ఆడుకుంటోంది. ఎదుగుతోంది. అలా అనుకుంటూనే ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాను.

ఇంట్లో సందడిగా ఉంది. ఎదురింటివాళ్ళ అబ్బాయి పుట్టినరోజట. మరదలు పిడుగుకి తల దువ్వుతోంది. పిడుగు ఒంటి మీద నారింజ రంగు గౌను. టక్కున గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏంటి వదినా అలా చూస్తావ్? నువ్వు కుట్టిందేగా," అంది మరదలు. "నీ చేతి మహిమ ఏమో గానీ, చూడు, ఏడాది దాటింది. భుజాలు, నడుము, పొడుగు, ఎక్కడా బిగువు లేదు. ముందే లోపల బట్ట వదిలి కుట్టావు కదా, తెలివైనదానివి."

నేను వదల్లేదు. ఆ గౌనులో వదలడానికి బట్ట లేదు. మిగిలినదంతా ఇంకో గౌనుకి వాడేశాను.

మోకాళ్ళ మీద కూచుని దాని నడుం దగ్గర వేలు పెట్టి చూశాను. వేలు దూరేంత వదులు. టేపు తెచ్చి భుజం నుంచి మోకాలి దాకా కొలిచాను. మళ్ళీ కొలిచాను. నిరుడు గౌనుకి తీసిన కొలతే.

పిడుగు కదలకుండా నిలబడింది. కితకితలని నవ్వలేదు.

"అత్తా," అంది గుసగుసగా, వాళ్ళమ్మకి వినబడకుండా. "ఆ అక్క ఇప్పుడు నా కన్నా పొడుగు."